పులికాటు సరస్సులో ఎవరి వాటా ఎంత?

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సు నడుమగా సాగుచున్నది. పుష్యమాసమున ఒకనాటి ఉదయము ఆ బాటపై నిలిచి చూచువారికి మూడు దృశ్యములు ఒక్కసారిగా కానవచ్చును. దూరముగా, లోతు తక్కువైన నీటిలో రాజహంసలు బారులు తీరి బురదను జల్లించుచు మేయుచుండును. ఇవతల, నడుములోతు నీటిలో జాలరి వల విడుచుచుండును. బాట ప్రక్కన, పట్టణముల నుండి వచ్చిన కుటుంబములు కార్లు దిగి దుర్భిణులతో పక్షులను చూచుచుండును.

ఈ ముగ్గురికిని కావలసినది ఒకే నీరు. కాని పక్షికి కావలసినది మేత. జాలరికి కావలసినది కూడు. చూడవచ్చినవారికి కావలసినది వినోదము. వీరికి తోడు, ఆ బాటపై నిలిచినవారికి కానరాని నాల్గవవాడు కూడ ఒకడున్నాడు. సరస్సున దొరకు రొయ్యలను, పీతలను కొని దూరప్రాంతములకు పంపు వర్తకుడు వాడు.

ఈ నలుగురి కోరికలను తూచి, ఎవరికి ఎంత అని తేల్చు అధికారము ఎవరిది? ఆ తూకము జరుగు చోట పంచాయతీ సభ్యునకు పీట వేసియున్నారా? వేసియున్నారు. ఆ పీట చట్టముననే వ్రాయబడియున్నది. అది ఏదో, దానిని ఎట్లు వినియోగించుకొనవలెనో విన్నవించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

సరస్సు స్వరూపము

మన దేశమున సముద్రపు నీరును ఏటినీరును కలియు సరస్సులలో ఒడిశాలోని చిలకా మొదటిది, పులికాటు రెండవది. దీనిలో ఎక్కువ భాగము ఆంధ్రప్రదేశమునకును, దక్షిణపు కొస తమిళనాడునకును చెందియున్నది. మన వైపు భాగము పూర్వము నెల్లూరు జిల్లాలో నుండెడిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అది తిరుపతి జిల్లాలో చేరినది. తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రము, చిట్టమూరు, వాకాడు మండలముల పల్లెలు ఈ సరస్సును ఆనుకొనియున్నవి. కావున ఈ పల్లెల సరస్సు తగవులు నేడు తిరుపతి కలెక్టరు కచేరీకే వచ్చుచున్నవి.

సరస్సునకు రెండు వైపుల నుండి నీరు చేరును. కాళంగి, అరణి మొదలగు ఏళ్లు వానకాలమున మంచినీటిని తెచ్చును. ముఖద్వారముల గుండ సముద్రపు ఉప్పునీరు లోనికి వచ్చును. ఈ రెండు నీళ్లును కలిసిన చోటనే రొయ్యపిల్ల పెరుగును. తల్లి రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు ముఖద్వారము గుండ సరస్సులోనికి వచ్చి పెరిగి, మరల సముద్రమునకు పోవును. ముఖద్వారము ఇసుకమేట వేసి మూసుకొనిపోయినచో ఈ రాకపోకలు ఆగిపోవును. వేసవిలో నీరు ఆవిరియై, మిగిలిన నీటిలో ఉప్పు హెచ్చును. ఉత్తరపు భాగములో నేల బయటపడును. అప్పుడు జాలరికి చేప ఉండదు, పక్షికి మేత ఉండదు, చూడవచ్చినవారికి పక్షి ఉండదు. తగవులాడుకొను వారందరికిని నష్టము ఒకే చోట మొదలగుచున్నదని పంచాయతీ సభ్యులు మొదట గమనింపవలెను.

1976వ సంవత్సరమున ఈ సరస్సు మన వైపు భాగము పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. అదే సంవత్సరమున దొరవారిసత్రము మండలములోని నేలపట్టు చెరువు కూడ అభయారణ్యమైనది. నేలపట్టు చెరువులోని చెట్లపై గూళ్లు కట్టు గూడబాతులు మేతకు పులికాటునకు పోయి, పిల్లలకు చేపలను తెచ్చి పెట్టును. అనగా ఒక ఊరి చెట్టు మీది గూడు మరియొక ఊరి నీటిలోని చేపపై ఆధారపడియున్నది. ఏ ఒక్క పంచాయతీయు ఈ వ్యవహారమును తన హద్దులలోనే తేల్చుకొనజాలదు.

చేపలు పట్టువారందరు ఒకటి కారు

"చేపలు పట్టువారు" అని అందరిని ఒకే పేరుతో పిలుచుటవలన పెక్కు చిక్కులు కలుగుచున్నవి. నిజమునకు వీరు మూడు తెగలవారు.

మొదటివారు పొట్టకొరకు పట్టువారు. పట్టపు కులస్థులు తరతరములుగా వలవేసి బ్రతుకుచున్నారు. యానాదులు పలువురు వలయును పడవయును లేకయే, చేతులతో అడుగు తడవి రొయ్యలను పట్టుదురు. ఆడువారును ఈ పని చేయుదురు. వీరికి ఒక దినము వేట ఆగిన ఆ దినము పొయ్యి రాజుకొనుట కష్టము.

రెండవవారు వ్యాపారమునకు పట్టించువారు. వీరు స్వయముగా నీటిలో దిగరు. పెట్టుబడి పెట్టి, వలలకు పడవలకు అప్పులిచ్చి, పట్టిన సరుకును తామే కొందురు. ఒడ్డున రొయ్యల గుంటలు త్రవ్వించువారును ఈ తెగలోనివారే.

మూడవవారు వినోదమునకు వచ్చువారు. విదేశములలో గాలముతో చేపను పట్టుట గొప్ప క్రీడ. పులికాటు వద్ద గాలపు క్రీడకంటె పక్షులను చూచుట, పడవపై విహరించుట ముఖ్యమైనవి. సూళ్లూరుపేటలో జరుగు ఫ్లెమింగో పండుగకు జనము విశేషముగా వచ్చుచున్నారు. ఆ దినములలో కాఫీ హోటలు వానికి, ఆటో నడుపువానికి, పడవ నడుపువానికి నాలుగు డబ్బులు దొరకుచున్నవి. కావున వినోదమును తేలికగా త్రోసివేయుటకును వీలులేదు.

చట్టము దృష్టిలో ఈ మూడు తెగలకును ఒక సామ్యమున్నది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2002లో సవరించినప్పుడు, "జంతువు" అను మాటకు చెప్పిన అర్థములో చేపను కూడ చేర్చిరి. కావున అభయారణ్యములో అనుమతి లేక చేపను పట్టుట, వలతోనైనను గాలముతోనైనను, కూటికైనను ఆటకైనను, తప్పగును. ఈ కారణముననే ఎవరి హక్కు ఏమిటో కాగితముపై నుండుట అవసరము.

ఇతర చోట్ల ఏమి జరిగినది?

ఆటకు పట్టువారికిని అమ్మకమునకు పట్టువారికిని బహిరంగముగా పోరు జరిగిన చోటు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము. అచ్చట గాలముతో ఆడువారు లక్షల సంఖ్యలో నున్నారు; వలవారు వేల సంఖ్యలో మాత్రమే యుండిరి. వలలవలన చేపల జాతి నశించుచున్నదని మొదటివారు వాదించిరి. తాతలనాటి వృత్తి పోవునని రెండవవారు మొరపెట్టిరి. 1994 నవంబరులో ఈ సంగతి ప్రజల వోటునకు పెట్టబడగా, నూటికి 72 వంతుల వోట్లతో వలలపై కట్టుబాటు నెగ్గినది. 1995 జూలై 1వ తేదీ నుండి చేపల మొప్పలకు చిక్కుకొను వలలు అచ్చటి రాష్ట్ర జలములలో నిషేధింపబడినవి. ప్రభుత్వము జాలరుల వలలను కొన్నది. సీడార్ కీ అను చిన్న ఊరిలో పలువురు జాలరులకు గుల్లల పెంపకము నేర్పగా, అది తరువాత వారికి జీవనాధారమైనది.

1999లో ఆ రాష్ట్రమున చేపలకును వన్యప్రాణులకును కలిపి ఒకే కమీషను ఏర్పడినది. దానిలో సభ్యులు ఏడుగురు. గవర్నరు వారిని నియమించును, రాష్ట్ర సెనేటు ఆమోదింపవలెను, పదవీకాలము ఐదేండ్లు. గాలమువారికి ఇన్ని చోట్లు, వలవారికి ఇన్ని చోట్లు అని అచ్చట వ్రాసిపెట్టలేదు. కావున చోటు ఖాళీ యైనప్పుడెల్ల ఎవరు వచ్చెదరా యని రెండు పక్షములును కనిపెట్టియుండును. సంఖ్యాబలము లేనివాని బ్రతుకును వోటుతో మాత్రమే తేల్చినచో వానికి మరియొక దారి చూపుట ప్రభుత్వము బాధ్యత యగునని ఈ కథ తెల్పుచున్నది.

మన పొరుగున కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి యను చోటు గాలపు క్రీడకు పేరు పొందియుండెడిది. మహసీరు అను పెద్ద చేపను పట్టి, మరల నీటిలో విడుచుట అచ్చటి ఆట. కాని ఆ ప్రదేశము వన్యప్రాణి అభయారణ్యములోనిది. పట్టి విడిచినను పట్టుట పట్టుటయే యను కారణమున ఆ క్రీడ అచ్చట ఆగిపోయినది. వినోదమునకు కూడ చట్టము హద్దు గీయగలదని దీనివలన తెలియుచున్నది.

మన రాష్ట్రముననే కొల్లేరు కథ మరియొక పాఠము. 1999 అక్టోబరులో కొల్లేటిని ఐదవ కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యముగా ప్రకటించిరి. సంప్రదాయ రీతిని చేపలు పట్టుకొనుటకు చోటుంచి, సరస్సు గర్భములోని చేపలచెరువులను నిషేధించిరి. ఆ చెరువులలో పెక్కు అప్పటికే పేదల పేరుండి, కౌలు రూపమున ధనవంతుల చేతులలోనికి పోయియుండెను. 2006లో గట్లు పగులగొట్టినప్పుడు పెట్టుబడిదారుడు మరియొక చోటికి పోయెను. కూలియు, చిన్న జాలరియు అచ్చటనే మిగిలిరి. పొట్టకు పట్టువానిని వ్యాపారికి మరుగుగా నిలుపుకొన్నచో తుదకు నష్టపోవువాడు పొట్టకు పట్టువాడే.

రాష్ట్ర వన్యప్రాణి బోర్డు

మన దేశమున ఇట్టి తగవులను తూచు పై సభ రాష్ట్ర వన్యప్రాణి బోర్డు. దీనికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు. అడవుల మంత్రి ఉపాధ్యక్షుడు. శాసనసభ్యులు ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు ముగ్గురు, ప్రకృతి సంరక్షణమున పేరుగన్నవారు పదిమంది దీనిలో నుందురు. ఈ పదిమందిలో కనీసము ఇద్దరు షెడ్యూల్డు తెగలవారై యుండవలెను. ఇంకను అటవీ, గిరిజన సంక్షేమ, పోలీసు, పశుసంవర్ధక శాఖల అధికారులు, శాస్త్ర సంస్థల ప్రతినిధులు ఉందురు. రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు సభ్య కార్యదర్శి.

మన విషయమునకు ముఖ్యములైన చోట్లు రెండు. పర్యాటక అభివృద్ధి సంస్థ మేనేజింగు డైరెక్టరు చట్టరీత్యా సభ్యుడు. మత్స్యశాఖ డైరెక్టరును చట్టరీత్యా సభ్యుడే. అనగా వినోదపు పక్షమున ఒక అధికారియు, చేపల పక్షమున ఒక అధికారియు ఉన్నారు. జాలరికి జాలరిగా మాత్రము చోటు లేదు. అతని మాట మత్స్యశాఖ నోటనో, శాసనసభ్యుని నోటనో, తెగల ప్రతినిధి నోటనో పలుకవలసియున్నది. యానాదులు షెడ్యూల్డు తెగవారు కావున ఆ చోట్లపై వారి దృష్టి యుండుట న్యాయము.

బోర్డు సంవత్సరమునకు కనీసము రెండుమార్లు సమావేశము కావలెను. అడవులలోని గిరిజనుల, ఇతర నివాసుల అవసరములను వన్యప్రాణి సంరక్షణముతో పొందుపరచు ఉపాయములపై ప్రభుత్వమునకు సలహా యిచ్చుట దాని విధులలో ఒకటి. సముద్ర జలములను అభయారణ్యములో చేర్చునప్పుడు స్థానిక జాలరుల వృత్తి ప్రయోజనములను కాపాడుటకు తగిన ఏర్పాట్లు చేయవలెనని కూడ ఈ చట్టమే చెప్పుచున్నది. కాబట్టి పక్షులను కాపాడు చట్టము జాలరికి శత్రువను మాట సరికాదు.

పంచాయతీకి వేసిన పీట

బోర్డు దూరమున నున్నది. కాని అదే చట్టములోని 33-బి సెక్షను ప్రకారము అభయారణ్యమునకు సలహా సంఘము నొకదానిని ప్రభుత్వము ఏర్పరుపవలెను. ఆ ప్రాంతపు శాసనసభ్యుడు, పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులు ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల వారిద్దరు, వన్యప్రాణి సంరక్షణమున పనిచేయు వ్యక్తులు ముగ్గురు, హోము శాఖ, పశువైద్య శాఖల ప్రతినిధులు అందులో నుందురు. ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడో, అతడు పంపిన పై అధికారియో దానికి పెద్ద. అభయారణ్యపు అధికారి కార్యదర్శి. అభయారణ్యములోను చుట్టుప్రక్కలను నివసించు ప్రజల పాలుపంపులను గురించి కూడ ఈ సంఘము సలహా యీయవలెను.

ఇది సలహా సంఘమే కాని ఆజ్ఞలిచ్చు సంఘము కాదు. అయినను లెక్కలతో, ఊరి సమ్మతితో వచ్చిన సలహాను త్రోసివేయుట సులభము కాదు. ఊరక వచ్చి ఊరక పోవు సభ్యుని మాటను మాత్రము ఎవరును వినరు.

ఒక ఉదాహరణము చెప్పెదము. ఇది జరిగిన కథ కాదు; రేపు రాగల సమస్య. సరస్సులో మోటారు పడవలు నడుపవలెనని ఒక ప్రతిపాదన వచ్చినదనుకొందము. పర్యాటక శాఖ ఆదాయము వచ్చునని చెప్పును. అటవీ శాఖ మేయుచున్న పక్షులు బెదరునని చెప్పును. జాలరులు తమ వలలు తెగునని భయపడుదురు. పంచాయతీ ప్రతినిధి "వద్దు" అని మాత్రము చెప్పి కూర్చున్నచో ఆ మాట అంతటితో ముగియును. అట్లుగాక, వలలు ఏ నెలలలో ఏ చోటుల వేయుదురో, యానాదులు చేతితో రొయ్యలు పట్టు లోతు తక్కువ చోట్లు ఏవో, పక్షులు ఎక్కడ మేయునో గుర్తించిన పటమును ముందు పెట్టవలెను. పడవల దారి వాటికి దూరముగా నుండవలెనని, వేళలు నిర్ణయింపవలెనని, పడవ నడుపు పని స్థానిక జాలరులకే యీయవలెనని, వల తెగిన వెంటనే నష్టపరిహారము చెల్లింపవలెనని షరతులు కోరవలెను. షరతులు కుదరనిచో అప్పుడు కాదనవచ్చును. అప్పుడా కాదనుటకు బలముండును.

పంచాయతీలు చేయవలసిన పనులు

మొదటిది: సలహా సంఘము ఏర్పడినదా, అందు పంచాయతీల పక్షమున ఎవరున్నారు అని సూళ్లూరుపేటలోని వన్యప్రాణి విభాగపు అటవీ కార్యాలయమున వ్రాతమూలకముగా అడుగవలెను. సరస్సు ఒడ్డున పల్లెలు ఎన్నో ఉన్నవి, చోట్లు మూడే. కావున ఆ మువ్వురు తమ ఊరికే కాక, ఒడ్డు పల్లెలన్నిటికిని ప్రతినిధులని భావింపవలెను. సమావేశమునకు ముందు ఇతర పంచాయతీల వారిని కలిసికొనుట, తరువాత జరిగినది చెప్పుట వారి విధి.

రెండవది: వేట వివరములను ఊరిలోనే పుస్తకమున వ్రాసి యుంచవలెను. ఎన్ని కుటుంబములు వేటపై బ్రతుకుచున్నవి, ఎన్ని పడవలు, ఏ వలలు, ఏ నెలలో ఏ చేప, ఎంత దొరకినది, ఏ ధర పలికినది అను విషయములు అందుండవలెను. 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచి, ఊరి జీవరాశుల పట్టికను తయారు చేయవలెను. ఈ లెక్కలను ఆ పట్టికలోనే చేర్చవచ్చును. పడవ లేని యానాది కుటుంబము లెక్కలలో తప్పిపోవుట సులభము. వారి పేర్లు మొదట వ్రాయుట మంచిది.

మూడవది: హక్కులను స్థిరపరచుకొనవలెను. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము నీటి వనరులలోని చేపలపై సమష్టి హక్కులను కూడ పేర్కొన్నది. అభయారణ్యములోని భూమియు ఆ చట్టము క్రింద అటవీ భూమియే. 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వమే అడవిపై ఆధారపడి నివసించుచున్న షెడ్యూల్డు తెగలవారు ఈ హక్కు కోరవచ్చును. ఇతరులు మూడు తరముల, అనగా 75 ఏండ్ల నివాసమును చూపవలెను. దరఖాస్తును మొదట పరిశీలించునది గ్రామసభయే.

నాల్గవది: కట్టుబాట్లను మనమే పాటింపవలెను. చిన్న కన్నుల వలలతో రొయ్యపిల్లలను తోడివేయుచు, పక్షులవలన చేపలు తగ్గినవని ఫిర్యాదు చేసినచో ఎవరును నమ్మరు. తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, సముద్రమున యాంత్రిక పడవల వేట ఆపుచున్నారు. అందరు ఆగుటచేతనే అది కట్టుబాటుగా నిలిచియున్నది. సరస్సు దక్షిణపు కొసన తమిళనాడు పల్లెలలో "పాడు" అను పద్ధతి చాలకాలముగా నున్నది. వేట చోటులను వంతుల ప్రకారము పంచుకొని, ఒకరి వంతున మరొకరు వల వేయకుండుట దాని సారము. ఇట్టి వంతులు ఉన్న చోట తగవులు తక్కువగును. పెద్ద పెట్టుబడిదారుడు నీటినంతను ఆక్రమించుటకును వీలుండదు.

ఐదవది: ముఖద్వారముల పూడిక తీయు విషయమున అన్ని పక్షములును ఒకే గొంతుతో అడుగవలెను. ఇది అభయారణ్యమునకు సంబంధించిన పని కావున అటవీ శాఖ అనుమతులును, శాస్త్రీయమైన పరిశీలనయు అవసరము. జాలరుల సంఘము విడిగా, పక్షిప్రేమికులు విడిగా, పర్యాటక శాఖ విడిగా వ్రాయు అర్జీల కంటె, ముగ్గురును సంతకము చేసిన ఒక్క అర్జీ బలమైనది. నీరు నిండిన సరస్సులో వాటాల తగవు తీర్చుట సాధ్యము. ఎండిన సరస్సులో పంచుకొనుటకు ఏమియు నుండదు.

ముగింపు

వ్యాపారికి సరుకు తెచ్చి యిచ్చుటకు వేరు చోట్లు కలవు. వినోదమునకు వచ్చినవాడు ఈ సంవత్సరము పులికాటు, వచ్చు సంవత్సరము మరియొక చోటు చూచును. రాజహంసకు సహితము రెక్కలున్నవి. ఒడ్డునున్న పట్టపు పల్లెకును, యానాది వాడకును ఈ నీరు తప్ప వేరు నీరు లేదు. కావున త్రాసు పట్టునప్పుడు, కదలిపోలేనివాని వాటాను మొదట తూచుట న్యాయమని మేము తలంచుచున్నాము. అట్లని పక్షి మేతను కాజేయుట న్యాయము కాదు. పక్షి రాని సంవత్సరము సరస్సునకు ఏదో కీడు మూడినదని జాలరియే ముందుగా గ్రహించును.

చట్టము పంచాయతీలకు మూడు పీటలు వేసినది. వాటిపై కూర్చుండువారు చేతిలో లెక్కల పుస్తకముతో, వెనుక గ్రామసభ తీర్మానముతో పోవలెను. వచ్చు గ్రామసభ కార్యక్రమమున పులికాటు విషయమును మొదటి అంశముగా చేర్చుకొనవలెనని ఒడ్డు పల్లెల పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.